ఆగిన వాచీకి ఎంత పెట్టొచ్చు?

వాచీ వెల పదిహేను వందలు. దాన్ని బాగు చేయించడానికి పద్ధెనిమిది వందలు. ఈ లెక్క విన్నాక మా ఇంట్లో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. "ఆ డబ్బుతో కొత్తదే వస్తుంది కదండీ" అంది మా ఆవిడ. మా అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండానే "టైమ్ ఇందులో ఉందిగా నాన్నా" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. కాకపోతే అప్పటికే నేను ఆ వాచీని రుమాల్లో చుట్టుకుని నెల రోజుల పాటు మూడు దుకాణాలు తిరిగాను.

అది మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా. కీ ఇచ్చే వాచీ. బడిపంతులుగా చేరిన కొత్తలో, 1976లో, డీఏ బకాయిలు చేతికి రాగానే కొన్నారు. తెల్ల డయలు ఇప్పుడు మీగడ రంగుకు తిరిగింది. ఆయన పోయాక అది బీరువా లాకర్లో పాసుపుస్తకాల కింద ఏడేళ్ళు ఉండిపోయింది. ఈ మధ్య ఏదో కాగితం కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. కీ ఇచ్చాను. నాలుగు నిమిషాలు కొట్టుకుని ఆగింది.

మన ఇళ్ళలో చాలా బీరువాల్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది. తాతగారి వెస్టెండో, పెదనాన్న ఫావర్ ల్యూబానో, కువైట్ నుంచి వచ్చిన సీకోనో. పారేయడానికి చెయ్యి రాదు, బాగు చేయించడానికి డబ్బు రాదు. "ఎప్పుడో చూద్దాం" అనుకుంటూ మళ్ళీ లోపల పెట్టేస్తాం.

హెచ్‌ఎంటీ సంగతి వేరుగా చెప్పాలి. యంత్రాల్ని తయారు చేసే యంత్రాల కోసం 1953లో పుట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్. జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. ఆ తర్వాత పాతికేళ్ళు మధ్యతరగతి మణికట్టు దానిదే. అల్లుడికి పెట్టే వాటిలో సైకిలు, రేడియో, హెచ్‌ఎంటీ వాచీ అని పెళ్ళి మాటల్లోనే తేలిపోయేది. ఆ పేరుకు ఎంత విలువంటే, ఆసిఫాబాద్ అవతల మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో నాందేడ్ అనే పల్లెలో దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు సన్నవడ్ల రకం ఒకటి తీస్తే, దానికీ హెచ్‌ఎంటీ అనే పేరు పడింది. ఇవాళ మనం కొట్టుకెళ్ళి "హెచ్‌ఎంటీ ఇవ్వండి" అని అడిగే బియ్యం అదే. వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. బియ్యం మాత్రం మార్కెట్లోనే ఉంది.

హైదరాబాద్‌కూ సొంత వాచీ ఉండేది. బస్సులకు బాడీలు కట్టిన, ఫ్రిజ్‌లు చేసిన ఆల్విన్ కంపెనీయే 1980లలో సీకో సహకారంతో వాచీలూ చేసింది. ఇప్పుడు ఆల్విన్ కాలనీ, హెచ్‌ఎంటీ నగర్ అన్నవి ఊళ్ళో చిరునామాలుగా మిగిలాయి.

మూడు దుకాణాలు

మొదట వెళ్ళింది ఏసీ షోరూమ్‌కి. కౌంటర్లో ఉన్న అమ్మాయి వాచీని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "వీటికి పార్ట్స్ రావు సార్, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అంది. మర్యాదగానే చెప్పింది.

రెండోది బస్టాండ్ దగ్గర సెల్లులు, బెల్టులు అమ్మే బడ్డీ. ఆ కుర్రాడు వెనక మూత తీసి ఊది, "పెట్రోల్ వాష్ చేస్తే ఆడేస్తదండి, మూడొందలు" అన్నాడు. పావుగంటలో ఇచ్చేస్తానన్నాడు. ఆ పావుగంటే నన్ను భయపెట్టింది.

మూడోది విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్‌కు కాస్త దూరంలో, ఒక బట్టల కొట్టు మెట్ల కింద ఉంది. బల్ల, బల్ల మీద గాజు పెట్టె, దాని వెనక డెబ్బై దాటిన పెద్దాయన. కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు మాట్లాడకుండా చూశారు. "పద్ధెనిమిది వందలు అవుద్ది బాబూ. పది రోజులు పడుద్ది. వద్దనుకుంటే చెప్పెయ్, మూత బిగించి ఇచ్చేస్తా, డబ్బులేం ఇవ్వక్కర్లేదు."

ఆన్‌లైన్‌లో ఇలాంటిదే పదిహేను వందలకు ఉందని చెప్పాను, బేరానికి పనికొస్తుందేమోనని. ఆయన నవ్వారు. "దానికెవరు చేశారంట సర్వీసు?"

ఆ ఒక్క ప్రశ్నతో నా లెక్క తలకిందులైంది. పదిహేను వందలకు వచ్చే పాత వాచీ కూడా ఎవరి బీరువాలోంచో వచ్చిందే. దాని నూనే ఎండిపోయి ఉంటుంది. అమ్మేవాడు "సర్వీస్ చేసినది" అని రాసినంత మాత్రాన చేసినట్టు కాదు. అంటే నేను పోల్చాల్సింది పదిహేను వందల్ని పద్ధెనిమిది వందలతో కాదు. పరాయివాళ్ళ వాచీకి మూడు వేల మూడు వందలు, నాన్నగారి వాచీకి పద్ధెనిమిది వందలు. పాత వాచీల విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వాచీ ధర వేరు, ఆడే వాచీ ధర వేరు.

పది రోజులు ఎందుకు?

కీ ఇస్తే చిన్న డబ్బాలో చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ బిగుసుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాల్ని తోస్తుంది. ఆ తోపు ఒక్కసారిగా ఖర్చయిపోకుండా బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ, ఒక్కో పంటినీ ఆపి ఆపి వదులుతుంది. మనకు వినిపించే టిక్ టిక్ ఆ ఆపి వదలడమే. జనతాలో అది గంటకు 18,000 సార్లు జరుగుతుంది. సెకనుకు ఐదు, రోజుకు 4,32,000. ఏడాది చేతికుంటే పదిహేను కోట్ల డెబ్బై ఆరు లక్షల పైచిలుకు దెబ్బలు. ఇంత పనీ చేసే బ్యాలెన్స్ ఇరుసు కొన మందం మిల్లీమీటరులో ఇంచుమించు పదో వంతు. ఇంకే యంత్రాన్నీ మనం ఇలా వాడం. మోటారు సైకిలుకు మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిలు మార్చేవాళ్ళం వాచీ దగ్గరికొచ్చేసరికి "ఆడుతోంది కదా" అంటాం.

వాచీ మొత్తానికి పట్టే నూనె ఒక చుక్క కూడా ఉండదు. కానీ వేగంగా తిరిగే చోట పలుచటి నూనె, బరువు మోసే చోట చిక్కటిది, స్ప్రింగు డబ్బాలో గ్రీజు, ఇలా చోటుకొక రకం. ఏళ్ళు గడిస్తే ఆ నూనె ఎండుతుంది, లేదా పక్కకు పాకిపోతుంది. దుమ్ము కలిసి ఆకురాయి పొడిలా మారుతుంది. వాచీ వెంటనే ఆగదు. అరుగుతూ ఆడుతుంది, అదే ప్రమాదం.

సర్వీసంటే అన్నిటినీ విప్పడం. చక్రాలు, వాటిని పట్టి ఉంచే వంతెనలు, పన్నెండో పదమూడో స్క్రూలు, అన్నీ వేరు చేసి, కడిగి, ఒక్కో ఇరుసునూ భూతద్దంలో చూసి, మళ్ళీ కూర్చి, సూది మొనతో నూనె పెట్టి, నాలుగైదు రోజులు ఆడించి, తప్పు సరిదిద్దడం. పెట్రోల్ వాష్ అంటే విప్పకుండా ముంచడం. మురికి కాస్త కరిగి కదులుతుంది కాబట్టి వాచీ నిజంగానే ఆడుతుంది. ఉన్న కాస్త నూనె కూడా పోయిందని మూడు నెలలకు తెలుస్తుంది. మూడు వందలతో పోయిందనుకుంటాం. పోయింది ఇరుసు.

ఇక్కడ మా అమ్మ మాట ఒకటి చెప్పాలి. వాచీ పట్టుకుని బయల్దేరుతుంటే "దగ్గరుండి చేయించు, రాళ్ళు మార్చేస్తారు" అంది. డయలు మీద "17 జ్యుయెల్స్" అని ఉంటుంది కదా, ఆ పదిహేడు కెంపులు దొంగలు ఎత్తుకుపోయేంత విలువైనవని మన ఊళ్ళలో పాత నమ్మకం. అవి కెంపులే, కాకపోతే కార్ఖానాలో వండినవి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్న్యూయి కెంపును మంటలో కరిగించి తయారు చేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అప్పటి నుంచి వాచీ రాళ్ళు చవకైపోయాయి. ఇరుసు అరగకుండా నున్నటి గట్టి గూడు కావాలి, అంతకుమించి వాటికి విలువ లేదు. ఎత్తుకుపోతే చక్రాలూ బ్యాలెన్సూ ఎత్తుకుపోవాలి. ఇప్పుడు కొత్తవి దొరకనివి అవి.

పెద్దాయన దగ్గర హార్లిక్స్ సీసాలు ఐదున్నాయి. అన్నిటి నిండా చచ్చిన హెచ్‌ఎంటీలే. జనతాలోనూ పైలట్‌లోనూ ఒకే మిషను వేశారు కాబట్టి దాని ఇరుసు దీనికి పనికొస్తుంది. మన హెచ్‌ఎంటీ చేయించడం తేలిక కావడానికి అసలు కారణం ఈ సీసాలే. కంపెనీ మూతపడినా లక్షల కొద్దీ తయారైన మిషను ఊరూరా చెల్లాచెదురుగా ఉంది. అదే అరుదైన స్విస్ వాచీ అయితే ఒక్క పంటి చక్రం కోసం ఏడాది వెతకాలి. ఎంత అపురూపమైన వాచీ అయితే అంత గొప్ప అనుకుంటాం. రిపేరు బల్ల దగ్గర దాన్ని తిరగేసి చదువుకోవాలి.

విప్పేముందు ఆయన వాచీని ఒక చిన్న పెట్టె మీద బిగించారు. మనవడు కొనిచ్చాడట. అది వాచీ చప్పుడు విని, రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతోందో, బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో తెర మీద చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వాచీ 270 డిగ్రీల అటూఇటూ ఊగాలి. మాది మళ్ళీ రెండు చుట్లు కీ ఇస్తే 160 దగ్గర కొట్టుకుని ఆగింది. "బీపీ చూసినట్టు" అన్నారు. మీరు వెళ్ళిన చోట ఈ పెట్టె ఉంటే సర్వీసుకు ముందూ తర్వాతా అంకెలు చూపించమని అడగండి. చూపించనివాళ్ళ దగ్గర చేయించకండి.

ఇంకో సంగతీ ఆయనే చెప్పారు. వాచీ రోజుకు పది పదిహేను నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే కంగారుపడి సర్వీసుకు ఇవ్వక్కర్లేదు. స్పీకరు పక్కనో అయస్కాంతం బొత్తాం ఉన్న సంచిలోనో పెట్టి ఉంటారు. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఊగే పొడవు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. ఆ గుణం తీసేయడానికి అర నిమిషం చాలు. దీనికి పద్ధెనిమిది వందలు అడిగేవాళ్ళూ ఉన్నారట.

మూత లోపలి గీతలు

నేను ఔననడానికి ఈ లెక్కలేవీ కారణం కాదు. పెద్దాయన వెనక మూత తిప్పి, లోపలి వైపు వెలుతురుకు పట్టి, భూతద్దం నాకిచ్చారు. ఉక్కు మీద వెంట్రుకవాసి గీతలు. "9-81". దాని పక్కన ఏదో పొట్టి సంతకం. కింద "4-88". ఇంకోమూల "96". వాచీ బాగు చేసేవాళ్ళకు అదో అలవాటు. తాము విప్పిన వాచీ మూత లోపల తేదీయో గుర్తో గీకి పెడతారు. మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి.

స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, అయినా ఈ రాత నాకు తెలియదు. మా నాన్నగారు పాత కవర్లు తిరగేసి ఉత్తరాలు రాసే మనిషి. చెప్పులు మూడుసార్లు కుట్టించి గానీ కొత్తవి కొనరు. అంత పొదుపరి, ఆడుతున్న వాచీకే ఏడెనిమిదేళ్ళకోసారి డబ్బు పెట్టారు. 1980ల చివరికి క్వార్ట్జ్ వాచీలు వచ్చేశాయి. హోసూరులో టైటాన్ మొదలైంది. తోటి పంతుళ్ళు సెల్లు వాచీలకు మారారు. ఆయన 96లో కూడా దీన్నే విప్పించారు. నేను నెల రోజులుగా వేస్తున్న లెక్క ఆయన మూడుసార్లు వేసి తేల్చేశారు.

"చెయ్యండి" అన్నాను.

చేయించని వాచీ

నాతో ఇంకో వాచీ కూడా ఉంది. మా మావయ్యది. కువైట్‌లో పద్నాలుగేళ్ళు డ్రైవరుగా చేసి తెచ్చుకున్న సీకో 5. చెయ్యి కదిపితే దానంతటదే కీ ఎక్కే రకం. తేదీ పక్కన వారం ఇంగ్లిషులోనూ అరబ్బీలోనూ పడుతుంది. పనిలో పనిగా దీన్నీ చూపిద్దామని అత్తయ్య దగ్గర తీసుకున్నాను.

పెద్దాయన మూత తీయగానే ముఖం చిట్లించారు. ఎడారి చెమట, మన కోస్తా ఉప్పుగాలి, ఎండి చీలిన రబ్బరు వాషరు, మూడూ కలిసి లోపల ఎర్రటి తుప్పు. కీ ఇరుసు సగానికి కొరుక్కుపోయింది. వారం చక్రం అంచు కూడా పాడైంది. "దీనికి సర్వీసు దండగ. ఈ జాతి మిషను కొత్తది మొత్తంగా దొరుకుద్ది, సర్వీసుకన్నా చవక. కాకపోతే లోపల ఇదేదీ ఉండదు. అరబ్బీ కూడా రాదు."

అత్తయ్యకు ఫోన్ చేశాను. కాసేపు ఆలోచించి, "మీ మావయ్య ఆ అరబ్బీ చూపించే పిల్లల్ని ఆడించేవాడు. అది లేకపోతే నాకెందుకురా, అలాగే ఉంచు" అంది. సరైన తీర్పు. ఆగిన వాచీని ఆగినట్టే ఉంచడం కూడా ఒక నిర్ణయం. తుప్పు ఇంకా పాకకుండా శుభ్రం చేయించి పొడిగా పెట్టాం, వంద రూపాయలతో పోయింది. చేతికి పెట్టుకుని తిరగాలనుకునేవాళ్ళకైతే కొత్త మిషను వేయించుకోమనే చెబుతాను, అందులో తప్పేం లేదు. ఎందుకు కావాలో తేల్చుకోకుండా ఎంతవుతుందని అడగడమే తప్పు.

డయలు జోలికి పోవద్దు

ఖరీదైన స్విస్ వాచీ వారసత్వంగా వచ్చినవాళ్ళకు లెక్క మారుతుంది. రోలెక్స్ తన వాచీలకు పదేళ్ళకోసారి సర్వీసు చాలంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళంటుంది. అధికారిక సర్వీసు బిల్లు మన జనతాలు ఎన్నో కొనేంత ఉన్నా, వాచీ విలువలో అది చిన్న వంతే కాబట్టి చేయించడమే లాభం. జాగ్రత్తంతా "కొత్తదానిలా చేసిస్తాం" అనే మాట దగ్గర. పాత డయలుకు రంగు వేయించారా, కేసు పాలిష్ పెట్టించి అంచులు గుండ్రం చేశారా, విలువ సగానికి పడిపోవచ్చు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. వెనక మూత మీద ఆయన భార్య జోఆన్ వుడ్‌వర్డ్ చెక్కించిన మాట అలాగే ఉంది. ఎవరైనా శ్రద్ధాళువు దాన్ని తళతళలాడేలా పాలిష్ పట్టించి ఉంటే?

మన బజార్లో దీనికి ఉల్టా జరుగుతోంది. ఆన్‌లైన్‌లో నారింజ, ఆకుపచ్చ, నీలి డయళ్ళతో మెరిసే పాత హెచ్‌ఎంటీలు, ఫావర్ ల్యూబాలు చూసే ఉంటారు. పాత మిషనుకు కొత్తగా అచ్చేసిన డయలు తొడిగినవి వాటిలో చాలా ఉంటాయి. సేకరించేవాళ్ళు వాటిని వెక్కిరింపుగా "ముంబై స్పెషల్" అంటారు. సరదాకి పెట్టుకోండి. సర్వీసు డబ్బు మాత్రం వాటి మీద పెట్టకండి.

ఇంకొక్క హెచ్చరిక. చీకట్లో మెరిసే వాచీని మనం "రేడియం వాచీ" అంటాం. 1960లకు ముందరి పాత విదేశీ వాచీల్లో అది నిజంగానే రేడియం కావచ్చు. మెరుపు పోయినా రేడియం పోదు, దాని సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. ఆ ముళ్ళ మీద రంగు పొడి రాలుతుంటే గోటితో గీకకండి, ఊదకండి, పిల్లల చేతికివ్వకండి. అమెరికాలో ఆ రంగు పూసిన కార్మిక యువతులు కుంచెను పెదాలతో మొన చేసుకునేవారు. వాళ్ళలో చాలామంది దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. అలాంటి వాచీని సర్వీసుకిచ్చేటప్పుడు బల్ల వెనక కూర్చున్నాయనకు ముందే చెప్పండి. ఆయన రోజంతా ఆ గాలే పీలుస్తాడు.

పది రోజులన్నది పదిహేను రోజులైంది. మెయిన్ స్ప్రింగు మార్చారు, బ్యాలెన్స్ ఇరుసు సీసాలోంచి ఇంకో జనతాది వేశారు. తీసిన పాతవి చిన్న కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. పెట్టె మీద పెడితే 265 డిగ్రీలు. మూత లోపల నాలుగో తేదీ చేరింది. అద్దం మీద గీతలు పోగొడతానంటే నేనే వద్దన్నాను.

ఇప్పుడది రోజుకు ముప్ఫై సెకన్లు వెనకబడుతుంది. రోజుకు 86,400 సెకన్లు, అందులో ముప్ఫై అంటే పదివేలకు మూడున్నర వంతు తప్పు. యాభై ఏళ్ళ యంత్రం అంతకన్నా ఏం చెయ్యాలి? పొద్దున కాఫీ తాగుతూ కీ ఇచ్చి, ముల్లు సరిచేసి పెట్టుకుంటాను. ఇలా ఐదేళ్ళు పెట్టుకుంటే సర్వీసు ఖర్చు రోజుకు రూపాయి. మళ్ళీ లాకర్లో పెట్టేస్తే మొత్తం పద్ధెనిమిది వందలూ దండగే.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉండి, ఇది చదివి బీరువా తెరిచేలా ఉంటే ఒక్క మాట. నేను మొదటి రోజు చేసిన పని మీరు చేయకండి. కీ ఇవ్వకండి, ఊపకండి. ఏళ్ళ తరబడి కదలని వాచీ నూనె లేకుండా తిరిగిన ఆ నాలుగు నిమిషాల్లోనూ ఇరుసు అరుగుతుంది. ముందు వెనక మూత తీయించి చూపించండి. కీ తర్వాత.